మామగారి కాటా మీద పవర్ సప్లై

పోయిన ఆదివారం మా అమ్మాయి తన కంప్యూటర్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనుక్కోవాలనుకుంది. ఇంట్లో కూర్చుని వీడియోలు ఎడిట్ చేసే ఉద్యోగం దానిది, పాత కార్డు చాలడం లేదట. ఫోన్‌లో ఏదో సైటు తెరిచి ప్రాసెసర్ ఇదీ, కార్డు ఇదీ, డిస్కులు ఇన్నీ అని వేలితో నొక్కుకుంటూ పోయింది. నేను కాఫీ గ్లాసు చేతికిచ్చేలోగా ఇన్ని వాట్లు కావాలి, ఇప్పుడున్న పవర్ సప్లై సరిపోదు అని ఆ సైటు తీర్పు చెప్పేసింది. రెండో రోజుకల్లా కార్డూ, దానితోపాటు కొత్త పవర్ సప్లై డబ్బా గుమ్మంలోకి వచ్చాయి. నేను ఆ డబ్బా అందుకుని, మీద ఏం రాసి ఉందో చూడకుండానే అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు పైకీ కిందికీ ఆడించాను. "అదేమన్నా కందిపప్పు పొట్లమా అమ్మా?" అని మా అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వితే నవ్వనీ. ఆ అలవాటు నాకు ఎక్కడ అబ్బిందో చెప్పాలంటే ఇరవై ఏళ్లు వెనక్కి, కర్నూలు వన్‌టౌన్‌లో మా మామగారి పప్పుల దుకాణం దాకా వెళ్లాలి. మీలో నా ఈడువాళ్లు ఎవరైనా ఉంటే, కంప్యూటర్‌ను తుండుగుడ్డ కప్పి దాచుకున్న రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి.

మాది తాతల కాలం నుంచీ పప్పుల వ్యాపారం. మా ఆయన మాత్రం కొట్లో కూర్చోవడం ఇష్టం లేక ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వెళ్లిపోయారు; శనివారం సాయంత్రం రైలుకు రావడం, సోమవారం పొద్దున్నే పోవడం. అత్తగారు అప్పటికే కాలం చేశారు. అమ్మాయి బడికి, మామగారు కొట్టుకు పోయాక పగలంతా ఇంట్లో ఏం తోచేది కాదు. నలభై దాటిన తర్వాత నేను కంప్యూటర్ కోర్సులో చేరితే మా బంధువుల్లో నవ్వనివాళ్లు లేరు. మామగారు నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు. కొట్టు పక్కన ఖాళీ గోనె సంచులు పడేసే గది ఒకటుండేది. కోర్సు పూర్తయిన నెలలో ఆ సంచులన్నీ తీయించి, గోడలకు సున్నం కొట్టించి, తాళంచెవి నా ముందు పెట్టి, "దుమ్ము ఉంటాది, చూస్కో" అని మాత్రం అన్నారు. కొట్లో బేరాలప్పుడు తప్ప ఆయన మాటలు అట్లాగే ఉండేవి, తూచి ఇచ్చినట్టు. నా జీవితంలో నాకంటూ ఒక గది ఇచ్చిన మొదటి మనిషి ఆయనే, ఆ సంగతి అప్పుడు ఆయనకు చెప్పాలని నాకు తోచనే లేదు.

పెళ్లిపత్రికలు, కరపత్రాలు టైపు చేసే పనితో మొదలుపెట్టాను. రెండు వేల నాలుగో అయిదో, ఆ ప్రాంతాల్లో జనం ఇళ్లలో వీసీఆర్‌లు మూలబడి సీడీ ప్లేయర్లు వచ్చాయి. పాత పెళ్లి క్యాసెట్లను సీడీల్లోకి ఎక్కించుకోవాలని అందరికీ పట్టింది. నేనూ ఆ పనికి దిగాను. దానికి కంప్యూటర్‌లో క్యాసెట్టు బొమ్మను పట్టుకునే కార్డు కావాలి, అంత బొమ్మను దాచుకోవడానికి రెండో హార్డ్ డిస్కు కావాలి, చివరికి సీడీలోకి రాయడానికి రైటర్ కావాలి. ఇవన్నీ నా కంప్యూటర్‌లోకి ఒక్కొక్కటిగా బిగించినవాడు భాయి. బజారులో చిన్న అంగడి పెట్టి మొదట్లో టీవీలూ వీసీఆర్‌లూ బాగుచేసేవాడు, తర్వాత కంప్యూటర్లు నేర్చుకున్నాడు. వయసులో నాకంటే చాలా చిన్న, నన్ను అక్కా అనేవాడు. ఏది కొత్తగా బిగించాలన్నా ఎంత స్పీడు, ఎంత మెమొరీ అని ఇద్దరం గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్లం గాని, గోడలోని కరెంటు తీసుకుని లోపలి భాగాలన్నిటికీ పంచిపెట్టే ఆ ఇనుపడబ్బా, ఇప్పటి పవర్ సప్లైనే అప్పుడు ఎస్ఎంపీఎస్ అనేవాళ్లం, దాని ఊసే ఎత్తేవాళ్లం కాదు. క్యాబినెట్ కొంటే అదీ దాంతోపాటే ఊరికే వచ్చేది. ఊరికే వచ్చినదాన్ని ఎవరు పరీక్షిస్తారు?

ఒక ఎండాకాలం, ఉగాది వెళ్లిన కొన్నాళ్లకు, కోడుమూరు దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల పంచె, మోచేతి దాకా ఎర్రమట్టి మరకలు, చేతిలో మూత బిగించిన పాత నూనె డబ్బా. డబ్బాలో ఏముందోనని చూస్తే, జొన్నలు, బూడిద, ఎండిన వేపాకు, వాటి నడుమ వీడియో క్యాసెట్టు.

మెట్ట సేద్యం చేసేవాళ్లకు ఇంట్లో అన్నిటికంటే విలువైంది విత్తనం. దాన్ని పురుగు పట్టకుండా బూడిద కలిపి, వేపాకు వేసి, గాలి చొరకుండా మూత పెడతారు. ఆయన కూడా తన ఇంట్లో అంత విలువైన వస్తువు ఇదేనని, విత్తనాన్ని దాచినట్టే దాచాడు. ఏళ్ల తరబడి ఆ సన్నటి బూడిద క్యాసెట్టు సందుల్లోంచి లోపలికి దిగి టేపంతా పట్టేసింది. తప్పు అని ఎట్లా అంటాం? తనకు తెలిసిన అన్నిటికంటే మంచి పద్ధతిలోనే దాచాడు కదా.

"మా పెద్దకూతురు పెండ్లి క్యాసెట్టమ్మా. దీంట్లో నా పెండ్లాము ఉండాది. పోయినేడు పాయె ఆయమ్మ. ఓటు కార్డు మీద బొమ్మ తప్ప ఇంట్లో ఇంగేమీ లేదు. దీంట్లో ఒక్కతూరి మాట్లాడ్తాది. ఆ మాట నాకు కావల్ల" అన్నాడు. అని, నేను ఏమంటానోనన్నట్టు నా మొహం వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ మరుపురాదు.

భాయి వచ్చి క్యాసెట్టు విప్పి, రీళ్లను వేరే క్యాసెట్టు డొక్కులోకి మార్చి, చిన్న కుంచెతో ఓపిగ్గా బూడిద దులిపాడు. టేపు అంచులు ముడతలు పడి ఉన్నాయి, కొన్నిచోట్ల పైపూత రాలుతోంది. ఒక్కసారి ఆడితే ఆడుతుంది, రెండోసారికి తెగడమో చెరిగిపోవడమో ఖాయం అని తేల్చేశాడు. అంటే ఆ ఒక్కసారిలోనే, తిరుగుతున్నంతసేపూ కంప్యూటర్ ఆగకుండా పట్టుకోవాలి. నడుమ కంప్యూటర్ ఆగిపోతే వీసీఆర్ ఆగదు, టేపు తన దారిన తాను తిరుగుతూ పోతుంది, ఆ ముక్క ఇక ఎవరికీ దొరకదు. పెద్దాయనకు వచ్చే శుక్రవారం రమ్మని చెప్పి పంపాను.

కొట్లో కూర్చునే ఇదంతా విన్న మామగారు ఆ సాయంత్రం ఒకే మాట అడిగారు, మచ్చు చూసినావా అని. కొత్త సరుకు వస్తే ఆయన బస్తాలోకి ఇనుపగొట్టం గుచ్చి, గుప్పెడు గింజలు మచ్చుగా తీసి, నోట్లో వేసుకుని కొరికి చూడకుండా బండి దించనిచ్చేవారు కాదు. నాకు కొంచెం చిరాకు వేసిన మాట నిజమే. అప్పటికి పది పన్నెండు క్యాసెట్లు చేశాను, నాకు తెలియదా అనుకున్నాను. కాని అవన్నీ రెండో హార్డ్ డిస్కు పెట్టించకముందు, ముక్కలు ముక్కలుగా ఆపుకుంటూ చేసినవి. ఆయన మాట తీసేయలేక మర్నాడు ఇంట్లో ఉన్న పాత సినిమా క్యాసెట్టు ఒకటి వేసి, ఆపకుండా ఎక్కించడం మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలు గడిచాయో లేదో టక్‌మన్న శబ్దం వచ్చింది, తెర నల్లబడింది, కంప్యూటర్ తనంతట తానే మళ్లీ మొదలైంది. రెండోసారి పదిహేను నిమిషాలకే. మూడోసారీ అంతే. వీసీఆర్‌లో ఆ సినిమా బదులు పెద్దాయన క్యాసెట్టు ఉండి ఉంటే ఆమె మాట అక్కడితోనే పోయేది.

భాయి వచ్చి మెమొరీ తీసి పెట్టాడు, విండోస్ మొత్తం చెరిపేసి మళ్లీ ఎక్కించాడు, కొత్త కార్డు మీద అనుమానపడ్డాడు. నేను కరెంటు మీద అనుమానపడ్డాను. రెండు రోజులు అట్లా గడిచాక మామగారు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, వాకిట్లో నిలబడి కాసేపు చూసి, "ఏమప్పా, దీనికి కూడు పెట్టేది యాది?" అని అడిగారు. భాయి నవ్వుతూనే నాలుగు మరలు విప్పి ఎస్ఎంపీఎస్‌ను ఊడబెరికి ఆయన చేతికిచ్చాడు. మామగారు దాన్ని అరచేతిలో రెండుసార్లు ఆడించి, "ఇది వట్టిది" అన్నారు.

"నాలుగువందల యాభై వాట్లు సావుకారీ, ఈడ రాసినారు చూడు" అని భాయి స్టిక్కరు చూపించాడు.

"రాసేదానికేమప్పా? తవుడు మూట మీద కందిపప్పని నేనూ రాస్తా" అన్నారు మామగారు.

ఆ మాటకు భాయికి రోషం వచ్చింది. బండేసుకుని పోయి తన అంగడిలో పనికి వాడుకునే కంప్యూటర్‌లోని ఎస్ఎంపీఎస్ విప్పుకొచ్చాడు, ఏదో ఆఫీసువాళ్లు తీసేసిన పాత మెషిన్‌లోది. దాని మీద మూడువందలే అని రాసి ఉంది. రెండింటినీ మామగారి కాటా మీద పెట్టారు. నాలుగువందల యాభై అని గొప్పలు చెప్పుకున్నది కిలో కూడా తూగలేదు, మూడువందలది కిలోన్నర దాటింది. కొట్లో హమాలీలు కూడా పని ఆపి చుట్టూ చేరి చూశారు. పప్పు తప్ప మరొకటి ఎరగని ఆ కాటా మీద కంప్యూటర్ సామాను ఎక్కడం వాళ్లకు తమాషాగా ఉంది.

భాయి తల గోక్కుంటూ, బరువొక్కటే చూసి నమ్మకూడదనీ, కొందరు తూకం కోసమని లోపల సిమెంటు బిళ్లలు కూడా అతికిస్తారనీ చెప్పాడు. మామగారి మొహం విప్పారింది. "మీ సరుకులో గూడ రాళ్లు కలుపుతారా?" అన్నారు. కంప్యూటర్ అనే వస్తువు మీద ఆయనకు గౌరవం కలిగింది ఆ క్షణంలోనే అని నా నమ్మకం. అదీ మన అంగడి వస్తువే, దానికీ కల్తీ ఉంది, కాబట్టి మనకూ అర్థమవుతుంది అన్న ధీమా వచ్చిందేమో, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఇక ముగ్గురం కలిసి పరీక్షకు దిగాం. భాయి రెండు డబ్బాలూ విప్పాడు, లోపల కరెంటు నిలిచి ఉంటుంది వేలు పెట్టవద్దని మమ్మల్ని హెచ్చరించి మరీ. మూడువందలదాంట్లో రాగితీగ చుట్టలూ, మందపాటి రేకులూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కూర్చున్నాయి. నాదాంట్లో సగం చోటు ఖాళీ. ఏ భాగం ఎక్కడ ఉండాలో అడుగున ఉన్న సర్క్యూట్ పలక మీద పేర్లు అచ్చువేసి ఉన్నాయి గాని, ఆ పేర్ల దగ్గర భాగాలే లేవు. తర్వాత స్టిక్కరు కింద చీమతలకాయలంత అక్షరాల్లో ఉన్నది నేను భూతద్దం పెట్టి చదివాను: పన్నెండు వోల్టుల తీగకు తొమ్మిది ఆంపియర్లు. ఒకదాన్ని ఇంకొకదానితో హెచ్చవేస్తే వాట్లు వస్తాయని భాయి అన్నాడో లేదో, మామగారు నూట ఎనిమిది అనేశారు. డిస్కుల్ని తిప్పేదీ, ప్రాసెసర్‌ను నడిపేదీ ముఖ్యంగా ఆ తీగే. దాని వంతు నూట ఎనిమిది మాత్రమే, పైన రాసుకున్నది నాలుగువందల యాభై. చివరికి దాన్ని మళ్లీ బిగించి, రెండు డిస్కులూ రైటరూ ఒకేసారి తిరుగుతుండగా పసుపుపచ్చ తీగకు మీటరు పెట్టి చూస్తే, పన్నెండు ఉండాల్సిన ముల్లు పదకొండు కిందికి జారిపోయింది. ఇన్నాళ్లూ నేను ఒక్కొక్కటీ కొత్తగా తగిలించుకుంటూ పోయాను, పాపం అది తన తాహతు మించి మోస్తూ వచ్చింది.

నా కంప్యూటర్‌కు నిజంగా కావలసిందెంతో భాయి అట్టముక్క మీద వరుసగా వేశాడు. ప్రాసెసర్‌కు ఇంత, డిస్కులు తిరగడం మొదలెట్టే క్షణంలో ఇంత, కార్డులకు ఇంత, ఫ్యాన్లకు ఇంత. మొత్తం రెండువందల ముప్పై దగ్గర తేలింది. నిఖార్సయిన మూడువందలుంటే చాలు. ఊళ్లో దొరికేవన్నీ తేలికరకాలే, మంచిది కావాలంటే హైదరాబాదు నుంచి రావాలి, ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. తొలకరి లోపల దుక్కులు చేసుకోవాల్సిన రైతును మళ్లీ మళ్లీ తిప్పించుకోవడం ఎట్లాగా అని నేను ఆలోచిస్తుంటే, భాయి తన మూడువందల డబ్బాను నా కంప్యూటర్‌కు బిగించడం మొదలుపెట్టాడు. మరి నీ పనో అంటే, "శుక్రవారం నేను నమాజుకు పోతా కద అక్కా, అంగడి తీయకుంటే ఏమయితాది?" అన్నాడు. నమాజుకు పట్టేది గంట. అతను మూసుకున్నది మూడు రోజులు. ఆ మాట ఎత్తితే కోప్పడతాడని ఎత్తలేదు గాని, ఆ ఋణం నేను మరిచిపోలేదు. ఆ డబ్బా పెట్టి సినిమా క్యాసెట్టు మొత్తం ఆడించాం, రెండుసార్లు. ముల్లు పన్నెండు మీదనుంచి కదలలేదు.

శుక్రవారం పొద్దుటి కరెంటు కోత పన్నెండింటికి అయిపోయి, భాయి నమాజు నుంచి రాగానే మొదలుపెట్టాలని అనుకున్నాం. కొట్టు వెనక పప్పు జల్లించే మోటారు ఉండేది, అది ఆన్ చేసిన ప్రతిసారీ నా గదిలో దీపం ఒకసారి కుంగేది. మామగారు ఆ మోటారు కట్టేయించి, ఎవరైనా మరిచిపోయి వేస్తారేమోనని స్విచ్చుబోర్డు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. బండ్లు వచ్చి నిలబడ్డాయి, హమాలీలు వాకిట్లో బీడీలు కాలుస్తూ కూర్చున్నారు, ఆయన కదలలేదు. మా గదిలో నేనూ, భాయి, పెద్దాయన. మీట నొక్కాను.

బొమ్మ వచ్చింది. అడ్డంగా గీతలు, నడుమ నడుమ మంచు కురిసినట్టు చుక్కలు, అయినా పందిరి తెలుస్తోంది, మనుషులు తెలుస్తున్నారు. పెద్దాయన తెరకు బాగా దగ్గరగా జరిగి కూర్చున్నాడు. తలంబ్రాలు అయిపోయాయి, అప్పగింతలు కాకముందు భోజనాల బంతి మొదలయింది. అప్పటిదాకా ఆమె ఎక్కడా లేదు. కెమెరా అంటే భయమట, అది ఎటు తిరిగితే ఆమె అవతలి వైపు వెళ్లేదట. గంటంపావు దాటింది. ఆకుల వరుస మీదుగా కెమెరా పోతుండగా చారు బకెట్టుతో ఒక సన్నటి మనిషి అడ్డం వచ్చింది, తప్పించుకోవడానికి దారి లేక నిలబడిపోయింది, ముక్కుపుడక మెరిసింది. "నన్నేం తీస్తాండావప్పా, తినేటోళ్లను తీయి పో" అని కసిరి, కసిరినందుకు తనకే నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. అంతే. పది క్షణాలు కూడా ఉండదు.

పెద్దాయన ఏడవలేదు. తెర మీద ఆమె పోయిన వైపే చూస్తూ, "ఇంటికొస్తే నన్నూ ఇట్లనే కసిరేది" అన్నాడు. భాయి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. నేను ఏడ్చాను, చెప్పడానికి నాకేం సిగ్గులేదు. మరో పావుగంటకు కర్‌మన్న శబ్దంతో టేపు తెగిపోయింది. అప్పగింతలు మాకు దొరకలేదు. దొరికినంతా డిస్కులో భద్రంగా ఉంది.

సీడీలు రాసి ఇచ్చాక పెద్దాయన ఒకటి నా ముందే వదిలేసి, ఇది నీ కాడ పెట్టుకో తల్లీ, నేనైతే మళ్లా యాడన్నా బూడిదలో పెడతానేమో అని నవ్వుతూ వెళ్లిపోయాడు. నేను కొట్లోకి వచ్చేసరికి మామగారు ఇంకా స్విచ్చుబోర్డు పక్కనే ఉన్నారు. ఒక్కసారైనా లేచి వచ్చి చూడలేదాయన. "మాట్లాడిందా ఆయమ్మ?" అని అడిగారు. మాట్లాడింది మామయ్యా, బాగా వినపడింది అన్నాను. తల ఊపి, లేచి మోటారు వేశారు. మా అత్తగారి గొంతు ఎక్కడా లేదన్న సంగతి నాకు ఆ పూట తట్టలేదు. ఆయన మనసులో ఏముందో నాకు తెలిసేసరికి చాలా కాలం పట్టింది.

ఇప్పుడు ఏ భాగానికి ఎన్ని వాట్లు కావాలో సైటు చెబుతుంది. మంచి సరుకు రెండు రోజుల్లో ఇంటికొస్తుంది. చెడ్డదైతే వెనక్కి పంపేయవచ్చు. మంచిదే, కాదనను, రెండు రోజులు తలకాయలు బద్దలు కొట్టుకునే అవస్థ మా అమ్మాయికి లేదు. అయితే దాని కంప్యూటర్ ఆగకుండా నడవాలని తన అంగడి మూసుకున్నవాళ్లు గాని, బండ్లు నిలబెట్టి కాపలా కూర్చున్నవాళ్లు గాని దానికి లేరు, ఆ అవసరమూ రాలేదు. నాకు ఆ అవసరం వచ్చింది, ఆ మనుషులూ దొరికారు. అది నా అదృష్టం.

ఆ తర్వాత మూడేళ్లకు మామగారు పోయారు, చేతిలో ఫోనుతో ఎవరినైనా బొమ్మ తీసే రోజులు రాకముందే. ఎవరెవరివో పెళ్లిళ్లు, ఎన్నెన్నో గొంతులు ఆ గదిలో కూర్చుని నేను దాచిపెట్టాను. పక్క గదిలో ఆయన రోజంతా మాట్లాడుతూనే ఉండేవారు, బేరాలు ఆడేవారు, హమాలీలను కేకలేసేవారు, నడుమ నన్ను పిలిచి మంచినీళ్లు అడిగేవారు. కోడుమూరు పెద్దాయన భార్యను నేను ఎదురుగా ఎన్నడూ చూడలేదు, ఆమె గొంతు మా ఇంట్లో భద్రంగా ఉంది. మా మామగారి గొంతు ఎట్లా ఉండేదని మా అమ్మాయి అడిగితే, నేను అనుకరించి చూపించబోయి, రాక, ఊరుకుంటాను.